కాంతమ్మకు మేకెక్కడిది

సిద్దిపేట,
జూలై 2011.

ప్రమీలక్కకు,
నుస్రత్ సలాములు.

మొన్న మేలో హైదరాబాదులో మీరు టీచర్లకి యోగా నేర్పినప్పుడు, శవాసనం వెయ్యగానే గురకపెట్టిన తెలుగు టీచరు ఒకామె ఉంది, గుర్తుందా? మీరు వచ్చి బొటనవేలు పట్టి లాగి లేపారు. ఆమెనే నేను. హాలంతా నవ్వింది. మీరు మాత్రం, "పాపం, ఇంట్లో ఈవిణ్ణి పడుకోనివ్వరు కాబోలు" అన్నారు. అది నిజం కూడా.

చివరి రోజు మీరన్న మాట పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. "యోగం చాప మీదే ఉండిపోతే అది కసరత్తు. వంటలోకీ, కోపంలోకీ, రాతలోకీ వస్తేనే యోగం" అన్నారు. డ్రిల్లు టీచరుగా రిటైరైన మనిషి పిల్లల కథలు రాస్తారనీ, అవి అచ్చవుతాయనీ విన్నప్పుడు నాకు మీమీద గౌరవం కన్నా ముందు అసూయ కలిగింది. ఉన్నమాట చెబుతున్నాను.

నా మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. దాని నిండా నా కథల మొదళ్లు. అన్నీ మొదళ్లే. కోపమొస్తే ఒకటి మొదలుపెడతాను, వానొస్తే ఒకటి. మూడో పేజీకి ఊపిరి ఆగిపోతుంది. మావారు అర్షద్‌కి బజారులో గాజుల దుకాణం. నవ్వుతూనే అంటాడు, "నీ కథలన్ని బస్టాండ్ దాక పోయి వాపస్ వస్తయ్" అని. నేనూ నవ్వేదాన్ని. కానీ పోయిన వారం తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడం, మీరు రాసిన కథ ఒక్కటి సదువుండ్రి" అంది. నా దగ్గర చదవడానికి ఒక్క పూర్తి కథ లేదు అక్కా. పాఠం చెప్పి ఇంటికొచ్చి ఏడ్చాను. వచ్చే ఏటికి నాకు నలభై నిండుతాయి. ఒక్క కథ పూర్తి చెయ్యాలి. ఎలాగో చెప్పండి.

మా ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు షరీఫా. నేను అమ్మీ అంటాను. ఆమె గొంతు ఇంట్లో ఏ మూల కూర్చున్నా వినబడుతుంది. ఇక బయట ఉద్యమం, వారానికో బందు. మీరు బందరు మనిషి, నేను సిద్దిపేట దాన్ని. ఆ విషయంలో పోట్లాడుకోవాల్సి వస్తే నా కథ పూర్తయ్యాక పోట్లాడుకుందాం. అడుగున నా ఫోను నంబరు రాశాను.

మీ,
నుస్రత్

*

బందరు,
జూలై 2011.

చి. నుస్రత్‌కు ఆశీస్సులు.

గురక బాగా గుర్తుంది. పేరు ఇప్పుడు తెలిసింది.

నంబరు రాసి కింద గీత కూడా గీశావు. నేను ఫోను చెయ్యను. ఫోనులో మనిషి బాధంతా చెప్పుకుని తేలికపడి పడుకుంటుంది, మర్నాడు రాయదు. ఏం అడగాలన్నా ఉత్తరం రాయి. చూడు, నువ్వు నాకు రాసినదానికి మొదలూ ఉంది, చివరా ఉంది. పూర్తి చెయ్యడం రాదన్న మనిషివి నాకే అబద్ధం చెప్పావు.

అమ్మాయ్, అభ్యాసం అంటే గొప్పగా చెయ్యడం కాదు, మానకుండా చెయ్యడం. నీకు కోపం వస్తే ఒక కథ, వానొస్తే ఒక కథ. అంటే కోపమూ వానా రాయిస్తున్నాయి, నువ్వు రాయట్లేదు. ముందు ఆసనం వెతుక్కో. కదలకుండా, కష్టపడకుండా కూర్చోగలిగిన చోటు ఒకటి, రోజూ అదే వేళ. ఒక వాక్యం వచ్చినా సరే, ఒక పేజీ వచ్చినా సరే, వేళ అయ్యాక లేచిపో. బాగుందా లేదా అని ఆ రోజు చదువుకోకు. దాన్నే వైరాగ్యం అనుకో. కాషాయం కట్టుకోనక్కర్లేదు.

సత్యం పాటించు. నీకు తెలియని రాజకుమార్తెల గురించి రాయకు. ఇంకొకటి ప్రత్యాహారం, అంటే బయట తిరిగే ఇంద్రియాలని ఇంట్లోకి పిలుచుకోవడం. వీధిలో బందు, వంటింట్లో అత్తగారి గొంతు, ఆ కాసేపు నీకు లేవు. చెవులు మూసుకో.

పోట్లాట సంగతి: మా మరిది రోజూ పొద్దున్నే సమైక్యం జెండా పట్టుకుని బయల్దేరుతున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. ఇంటికి ఒక్క ఉద్యమకారుడు చాలు. రాష్ట్రం రెండయినా మన ఉత్తరాలకి స్టాంపు ఒకటే.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
ఆగస్టు 2011. రంజాన్ నెల.

ప్రమీలక్కకు సలాములు.

ఆసనం దొరికింది. మీకు చెబితే నవ్వుతారు. ముందు పడకగదిలో కూర్చున్నాను, అర్షద్ వచ్చి దుకాణం తాళంచెవి ఏదని అడిగాడు. వంటింట్లో కూర్చుంటే అన్నం మాడింది. డాబా మీద కూర్చుంటే పక్కింటి పెద్దాయన మా స్కూలు గురించి మాట్లాడాలని మెట్లెక్కి వచ్చాడు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పెరటి కొట్టంలో చాప వేసుకున్నాను. ఒకప్పుడు అందులో మేక ఉండేది. ఇప్పుడు పాత సామాను ఉంది, ఇంకా కాస్త మేక వాసన ఉంది. ఎవరూ రారు.

వేళ కూడా కుదిరింది. రంజాన్ కదా, సహరికి, అంటే తెల్లారకముందు తినడానికి, అందరం లేస్తాం. ఫజర్ నమాజు అయ్యాక ఇల్లంతా మళ్లీ పడుకుంటుంది. అప్పుడు నేను కొట్టంలోకి వెళతాను. అమ్మీ మాత్రం పడుకోదు. మొదటి రోజే వెనక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నమాజు చదివినవ్ గద. మల్ల గిదేంది కూసునుడు?"

"రాసుకుంటున్న అమ్మీ."

"ఏం రాస్తవ్?"

"ఏం లేదు అమ్మీ."

కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మీరు చెప్పినట్టు చెవుల్లో దూది పెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఆమె వచ్చిందో పోయిందో కూడా తెలియడం లేదు. మీ ప్రత్యాహారం దివ్యంగా పనిచేస్తోంది.

కథ అయిదో పేజీ దాటింది! మూడో పేజీలో ఊపిరి ఆగలేదు! ఏమిటంటే, ఒక అత్త కొత్త కోడలితో మాట్లాడదు. చెప్పాల్సిందంతా పెరట్లో మేకకి చెబుతుంది, కోడలికి వినబడేలా. "మున్నీ, గామెకు జెర చెప్పు. పప్పుల ఉప్పు బోరింగు నీళ్ల లెక్క ఉన్నదని." "మున్నీ, దీపాలు పెట్టే యాళ్లకు ఆడిమనిషి ఇంటికి రావాలెనని మీ మేకలల్ల ఉన్నదా, లేదా?" మేక మే అంటుంది. కోడలు చదువుకున్నది, ఆమెకి ఒళ్లు మండుతుంది. జవాబు కూడా మేకకే చెబుతుంది. ఇద్దరి మధ్యా ఆ మేక బక్కచిక్కిపోతుంది. ఇలా ఏడాది నడుస్తుంది.

ఇది ఎవరింటి కథా కాదు. అంతా ఊహే.

మీ,
నుస్రత్

*

బందరు,
ఆగస్టు 2011.

చి. నుస్రత్‌కు,

ఊహ అన్నావు. ఊహలో పప్పుకి ఇంత ఉప్పు పడదమ్మా. పెరట్లో మేక వాసన ఉన్న కొట్టం, కథలో మేక. నేను డ్రిల్లు టీచర్నే కానీ మరీ అంత మొద్దుని కాదు. నువ్వు చెప్పనంటే అడగను.

కానీ ఒక మాట. సత్యానికి అక్క ఒకటుంది, అహింస. వరసలో ముందు చెప్పేది దాన్నే. బతికున్న మనిషి కథలో ఉంటే ఆ మనిషిని ఈడ్చుకొచ్చి నలుగురిలో నిలబెట్టకు. పేరు మార్చు, మతం మార్చు, వీధి మార్చు. మేకని గేదెని చేస్తావో చెయ్యవో నీ ఇష్టం. నాకైతే మేకే బాగుంది.

ఆ రేకు పెట్టె సంగతి కూడా తేల్చు. అక్కర్లేనిది దాచుకోకపోవడం అపరిగ్రహం. మంచం కింద అన్ని చచ్చిన కథలు పెట్టుకుని పైన ఎలా నిద్రపోతున్నావు? అందుకే మా హాల్లో గురక పెట్టావు. కొత్త కథ పూర్తయిన రోజు దాని మంచి ప్రతి ఒక్కటి ఉంచుకుని, మిగతా కాగితాలు ఇంట్లోంచి పంపించెయ్యి.

పండక్కి మీ అందరికీ ముబారక్. నా వంతు సేమియా మీ అత్తగారికి పెట్టు. రోజుకి అయిదుసార్లు వేళ తప్పకుండా లేచే మనిషికి అభ్యాసం గురించి నేను చెప్పక్కర్లేదు. నీకే చెప్పాలి.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
సెప్టెంబరు ఆఖరు.

ప్రమీలక్కకు,

కొంప మునిగింది అక్కా. మీ యమాలు, నియమాలు అన్నీ కలిసి నన్ను ముంచాయి. మొదటి నుంచీ చెబుతాను.

కథ పూర్తయింది. నిజంగా పూర్తయింది. ఆఖరి వాక్యం రాసి కొట్టంలో ఒక్కదాన్నే లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. పేరు కూడా మార్చాను. మా కిటికీ ఎదురుగా దుకాణం బోర్డు "కాంతమ్మ కిరాణం" అని కనబడుతుంది. మొదట తోచిన పేరు అదే. అత్తకి కాంతమ్మ అని పెట్టేశాను. అహింస అయిపోయిందనుకున్నాను.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులు లేవు. టీచర్లమంతా పొద్దున్నే వెళ్లి రోడ్డు పక్క శిబిరంలో కూర్చుంటున్నాం. సాయంత్రానికి మా కాంతమ్మ పెద్ద గంజు నిండా గుడాలు చేసి తెస్తుంది. అంటే బొబ్బర్లు ఉడకబెట్టి పోపు వేస్తారు. దుకాణాలు మూతపడి ఇస్తరాకులు దొరకక, "పొట్లాలు కట్టనీకి కాయితాలు ఉంటె ఇయ్యుండ్రి" అని వాడంతా అడిగింది. నాకు మీ అపరిగ్రహం గుర్తొచ్చింది. మంచి ప్రతి బీరువాలో పెట్టి, రేకు పెట్టె అంతా ఆమె ముందు బోర్లించాను. ఎంత తేలికగా ఉందో! ఆ కుప్పలో మేక కథ చిత్తుప్రతి కూడా పోయింది. చిత్తుప్రతేగా, ఎవరు చదువుతారనుకున్నాను. నాది నల్లబల్ల మీద రాసి రాసి గుండ్రంగా కుదిరిన దస్తూరి. నూనె అంటినా అక్షరం చెరగలేదు.

ఆ రోజు సంగారెడ్డి నుంచి రావాల్సిన వక్త బస్సుల్లేక రాలేదు. మైకు ఖాళీగా ఉంది. రిటైర్డ్ హెడ్మాస్టరు రాజమల్లయ్య సారు గుడాలు తింటూ పొట్లం వైపు చూశారు. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టారు. మైకు దగ్గరకి వెళ్లి చదివారు. "మున్నీ, గామెకు జెర చెప్పు..." జనం విరగబడి నవ్వారు. "ఇంకో కాయితం ఎవలి దగ్గర ఉన్నదో చూడుండ్రి!" అన్నారు సారు. అందరూ గుడాలు దోసిట్లో పోసుకుని పొట్లాలు విప్పి వెతకడమే. నా కథ కోసం అక్కా! నాకు గాలిలో తేలుతున్నట్టుంది. రెండో కాగితం దొరికింది, నాలుగోది దొరికింది. నాలుగో దానిలో పేరు ఉంది. "కాంతమ్మ మేకతో అన్నది" అని సారు చదివేశారు.

కాంతమ్మ గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కోడలు పోయినేడే ప్రజ్ఞాపూర్‌లో వేరు కాపురం పెట్టింది. ఆ బాధ ఆమెకి ఇంకా పచ్చిగా ఉంది. ఇదేమీ నా బుర్రకి తట్టలేదు, బోర్డు మీది అక్షరాలే చూశాను.

"కోడలు పోయిందని ఊరంత నన్నే అనవట్టె. ఇప్పుడు మైకుల గూడ చెప్పుకోవట్టిరి" అంది. నా వైపు చూసి, "నీ కాయితాలే గద నుస్రతమ్మా. నేను నీకేం జేసిన?" అంది. గంటె గంజులో పడేసి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి శిబిరానికి గుడాలు లేవు. సమ్మెలో ఇంకో సమ్మె. నేను దుకాణం ముందుకి వెళితే లోపలికి పోతోంది. ఈ వీధిలోకి నేను కోడలిగా వచ్చిన రోజు నా చేతికి మొదట చక్కెర పెట్టిన మనిషి ఆమె.

ఇప్పుడు మీకు నిజం చెబుతాను. ఆ కథ ఊహ కాదు. ఆ మేక మాది. ఆ అత్త అమ్మీ, ఆ కోడలు నేను. పెళ్లయిన మొదటి ఏడాదంతా అలాగే గడిచింది. తరువాత మేక చచ్చిపోయింది, ఎలాగో మాటలు కలిశాయి, ఆ ఏడాది గురించి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. కాంతమ్మకి నిజం చెప్పాలంటే అమ్మీని బజార్లో పెట్టాలి. చెప్పకపోతే కాంతమ్మ ఆ నింద మోస్తూ ఉంటుంది. అమ్మీ మోకాళ్ల నొప్పులతో శిబిరానికి రాలేదు. నిన్న నన్నడిగింది, "కాంతమ్మ మీద ఎవలో రాసిన్రంట. ఎవలదే గా పాడు పని?" అని. నేను బిందె పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాను.

ఇక నేను రాయను అక్కా. యోగం చాప మీదే బాగుంది.

నుస్రత్

*

బందరు,
అక్టోబరు మొదటి వారం.

చి. నుస్రత్‌కు,

రాయనని చెప్పడానికి ఎన్ని పేజీలు రాశావో చూసుకున్నావా?

తప్పు సగం నాది. పేరు మార్చమన్నాను, ఆ పేరుతో ఎదురింట్లో ఒక మనిషి ఉండొచ్చని చెప్పలేదు. ఒకరిని కాపాడ్డానికి ఇంకొకరి మీద బరువు పెడితే అది అహింస కాదు. అడ్డు తప్పుకోవడం అంతే.

నా నేరం ఇంకొకటి ఉంది. నీకు చెప్పకుండా దాచాను. నీ ఉత్తరాలు మా డాబా మీద నడిపే యోగా క్లాసులో శవాసనం వేళ చదివి వినిపిస్తున్నాను. మొదట ఏదో ఒక ముక్క చదివాను, తరువాత వాళ్లు వదల్లేదు. అడక్కుండా ఒకరి సొమ్ము వాడుకోకూడదని నేనే పాఠం చెబుతాను, నేనే వాడుకున్నాను. ఇప్పుడు శవాసనంలో ఒక్కరూ కళ్లు మూసుకోవడం లేదు. ఈ ఉత్తరం విని అందరూ లేచి కూర్చున్నారు. డాబా మొత్తం కాంతమ్మ పక్షం. కింద అన్నం తింటున్న మా సమైక్యం మరిది కూడా పైకొచ్చి, "వదినా, ఆవిడకి న్యాయం జరగాలి" అన్నాడు. సిద్దిపేట విషయంలో అతను మీతో ఏకీభవించడం ఇదే మొదలు.

సత్యం ఒకవైపు లాగి, అహింస ఒకవైపు లాగితే ఏం చెయ్యాలో నాకు శాస్త్రంగా చెప్పడం రాదు. నేనైతే నాకు ఎక్కువ కష్టంగా ఉన్న గుమ్మంలోకి ముందు వెళతాను. నీకు ఆ గుమ్మం దుకాణానిది కాదనుకుంటా. మీ అత్తగారికి కథ చదివి వినిపించు. మొత్తం. ఎక్కడా మింగకు.

రైళ్లు ఆగుతున్నాయంటున్నారు. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
అక్టోబరు, దసరా వెళ్లాక.

ప్రమీలక్కకు,

మీ ఉత్తరం ఈ పొద్దున్నే చేరింది. అది చేరేలోపు ఇక్కడ అంతా అయిపోయింది. కానీ మీరు చెప్పిన గుమ్మంలోకే వెళ్లాను.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున కాంతమ్మ మెట్ల మీద ఒక్కతే కూర్చుని తంగేడు పూలు కడుతోంది. ఎప్పుడూ పక్కన అమ్మీయే కూర్చుని పూలు అందిస్తుంది. ఆ రోజు అమ్మీ పిలిచినా ఆమె పలకలేదు. అమ్మీకి ఎందుకో అర్థం కాలేదు. అది చూసి ఇక తట్టుకోలేకపోయాను. బీరువాలోంచి మంచి ప్రతి తీశాను. అమ్మీ బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని, "అమ్మీ, నేనొకటి రాసిన, ఇను" అన్నాను. తెలుగులోనే చదివాను. కాంతమ్మ అని ఉన్నచోటల్లా షరీఫా అని చదివాను. అమ్మీ చేట ఆపలేదు. అయిపోయాక లేచి బుర్ఖా తీసుకుంది. "పద" అంది.

ఆటోలు లేవు. ఆ మోకాళ్లతో శిబిరం దాకా నడిచింది. తోవలో నాతో ఒక్క మాట లేదు. మళ్లీ మేక రోజులు వచ్చాయనుకున్నాను. కాంతమ్మ దుకాణం ముందు మాత్రం ఆగి, "రా" అంది. అమ్మీ రా అంటే మా వీధిలో రాకుండా ఉండేవాళ్లు లేరు.

శిబిరంలో ఎవరో మాట్లాడుతున్నారు. అమ్మీ తిన్నగా వెళ్లి మైకు అడిగింది. రాజమల్లయ్య సారు ఇచ్చేశారు.

"నా పేరు షరీఫా. గాజుల అర్షద్ తల్లిని. మొన్న గీడ ఓ కాయితం సదివి నవ్విన్రంట. గా కథల ఉన్న అత్త కాంతమ్మ గాదు, నేను. కాంతమ్మకు మేకెక్కడిది? ఆమె దుకాణంల ఎలుకలు తప్ప ఇంకో జీవం లేదు. మేక నాది. నోరు నాది. గా రాసినామె నా కోడలు. ఎవలకన్న నవ్వొస్తె నా మొఖం జూసి నవ్వుండ్రి."

ఒక్కరు నవ్వలేదు అక్కా.

"ఇంకోటి," అంది అమ్మీ. "పప్పుల ఉప్పు బోరింగు నీళ్ల లెక్క ఉన్నదని నేనన్నట్టు రాసింది. అబద్ధం. నేను గంత మంచిగ అనలె."

అప్పుడు నవ్వారు. ఎంత నవ్వారంటే అమ్మీకి కూడా నవ్వొచ్చి మైకు పక్కకి పెట్టింది. కాంతమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే, "షరీఫక్కా, నా దుకాణంల ఎలుకలెక్కడియి?" అంది. ఆ సాయంత్రం గుడాలు వచ్చాయి. పొట్లాలు న్యూస్ పేపర్‌వి. నేనెళ్లి ఆమె ముందు నిలబడితే, "నా పేరు దప్ప ఊర్ల ఇంకో పేరు దొర్కలేదా నీకు?" అని నా దోసిట్లో అందరికన్నా ఎక్కువ పోసింది.

ఇంటికొచ్చాక అమ్మీ మోకాళ్లకి నూనె రాస్తూ కూర్చున్నాను. ఇంట్లో మాది ఉర్దూ, మీకు తెలుగు చేసి రాస్తున్నాను.

"మంచిగనే రాసినవ్," అంది. "కని సగమే రాసినవ్. నేను మేకతోని ఎందుకు మాట్లాడిన్నో ఎర్కనా?"

"నామీద కోపానికి."

"కోపమేంది? నువ్వు బడి నుంచి వస్తివంటె పిల్లల కాపీలు ముంగటేసుకొని కూసునేటిదానివి. నేను పిలిస్తె 'ఆ అమ్మీ' అందువు, తల ఎత్తకపోదువు. చెప్పింది మల్ల చెప్తె గూడ 'ఆ అమ్మీ' నే. ఓనాడు మేకను తిట్టిన. నువ్వు తల ఎత్తి జూసినవ్. గప్పటిసంది మేకతోనే మాట్లాడిన."

ఏడాదంతా ఆమె నాతో యుద్ధం చేస్తోందనుకున్నాను. ఆమె నన్ను పిలుస్తోంది. మొన్నటి రంజాన్‌లో కూడా కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది, నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆమె పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. "నూనె రాయి," అంది.

కథ పూర్తయిందని చప్పట్లు కొట్టుకున్నాను చూడండి, పూర్తి కాలేదు. మళ్లీ మొదలుపెడుతున్నాను. మీ డాబా వాళ్లకి చదవండి, నాకేం అభ్యంతరం లేదు. మీ మరిదిగారికి నా సలాములు.

మీ,
నుస్రత్

*

సిద్దిపేట,
నవంబరు 2011.

ప్రమీలమ్మకు షరీఫా సలాం.

నేను చెప్తున్న, కోడలు రాస్తున్నది. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలెనని ఒట్టు పెట్టించిన. నీ మీద కొంచెం గుస్సా ఉన్నది, గది గూడ రాయమన్న.

రాసేటప్పుడు చెవులు మూసుకొమ్మని చెప్పినవంట. గది మంచి మాట గాదు. ఈమెకు ముందుగాల్నే గా అలవాటు ఉండె, మల్ల నేర్పుడెందుకు? నేను నమాజు చదువుతున్నప్పుడు పక్కింట్ల పసిపిల్ల ఏడిస్తె నాకు ఇనపడుతది. ఇనపడ్డదని నా నమాజు ఏం చెడిపోదు. నీ క్లాసుల గిట్ల చెప్పు. మిగిలిందంత మంచిగనే చెప్పినవ్. యాళ్లకు కూసునుడు మంచిది.

కొట్టంల సామానంత తీపిచ్చిన. రంజాన్ పోయినా పొద్దుగాల లేస్తున్నం. ఆమె చాప మీద, నేను కుర్చీల. నా మోకాళ్లు కింద కూసుండనియ్యవు. ఆమె ఓ మాట రాస్తది, పెన్ను ఆపి "అప్పుడు నువ్వేమన్నవ్ అమ్మీ?" అంటది. నేను చెప్త. "మల్ల నేనేమన్న?" అంటది. గది గూడ నేనే చెప్త, ఆమెకు యాద్ లేదు. నాకు అరవై దాటినయ్ ప్రమీలమ్మా. నా నోరు పెద్దదని అందరంటరు, నా మాట ఇనెటోళ్లకు కొదువలేదు. కని నువ్వేమన్నవ్ అని నన్ను అడిగినోళ్లు ఎవ్వలు లేరు. మా ఆయన గూడ అడగలె, అల్లా ఆయనను చల్లగ చూడాలె.

సమ్మె అయిపోయింది, బళ్లు తెరిచిన్రు. తెలంగాణ ఇంక రాలే. వస్తది. మొన్న కథ అయిపోయింది. బడిల చదువుతనంటె నేను గూడ బస్సెక్కి పోయిన. కాంతమ్మ గూడ వచ్చింది, దుకాణం కొడుక్కు అప్పజెప్పి. మేకను బక్కగ జేసిన కాడ పిల్లలు నవ్విన్రు. కోడలు తల ఎత్తలేదని రాసిన కాడ నవ్వుడు ఆపి ఇన్నరు. చదవమని అడిగిన పిల్ల ముంగటి బల్లల కూసున్నది. అయిపోయినంక లేచి నా దిక్కు జూసి, "గా మేక ఏమైంది అవ్వా?" అన్నది. నేను దానికి ఎట్ల చెప్పాల్నో అట్ల చెప్పిన.

నుస్రత్ వాపస్ వచ్చెటప్పుడు బస్సుల ఒకటే నవ్వుడు, చిన్నపిల్ల లెక్క. నేను కిటికీ దిక్కు జూసుకుంట కూసున్న. ఇంటికొచ్చి అన్నం గూడ సరిగ తినలె. అర్షద్ ఏమైందమ్మీ అన్నడు, మోకాళ్లు నొస్తున్నయన్న. మోకాళ్లు గాదు. కథ అయిపోయె గద, ఇగ నన్ను ఎవలడుగుతరు అనుకున్న.

గిది రాయనన్నది. ఒట్టు యాద్ జేసిన, రాస్తున్నది. ఏడ్చుకుంట రాస్తున్నది.

ఇయ్యాల పొద్దుగాల నమాజు చదివి లేవంగనే చూస్తె, చాప పక్కన నా కుర్చీ ఏసి ఉన్నది. నుస్రత్ కొత్త కాయితం తీసింది. "అమ్మీ, ఎర్రవల్లిల మీ అమ్మ ఎట్లుండె?" అన్నది. మా అమ్మ పోయి ముప్పై ఏండ్లు దాటింది. ఆమె మొఖం నేను మర్చిపోయిన అనుకున్న. ఈమె అడిగితె, మా అమ్మ రొట్టెలు కొట్టుకుంట పాడేటి పాట ఇనపడ్డది.

ఇగ ఉంట ప్రమీలమ్మా. నువ్వు సిద్దిపేటకు రా, మీ మరిదిని గూడ తీస్కరా, ఆయన జెండా తెచ్చుకున్నా ఏమనం. ఇప్పుడు చెప్పనీకి టైం లేదు. ఈమె పెన్ను పట్టుకొని నా దిక్కే చూస్తున్నది.

షరీఫా